తొంభైల ఆల్టర్నేటివ్ రాక్‌పై మన పట్టును ఎలా పరీక్షించుకోవాలి?

పాట వినగానే పేరు చెప్పడం తొలిమెట్టే. శబ్దం తీసేసి, వీడియోలోని ఒక్క దృశ్యం చూసి బృందాన్నీ, దర్శకుణ్ణీ, ఆ దృశ్యానికి మూలాన్నీ చెప్పగలిగితేనే పట్టు ఉన్నట్టు. స్కూలు వ్యాయామశాలలో నిర్వాణా బృందం వాయించే దృశ్యం మరీ తేలిక. గాలిఓడ నుంచి గొడుగులు పట్టుకుని చంద్రుడిపైకి దూకే జంటను చూసి, స్మాషింగ్ పంప్‌కిన్స్ వారి ‘టునైట్, టునైట్’ అని గుర్తించడం కూడా అంత కష్టం కాదు. ఆ వీడియోకు ప్రేరణ ఫ్రెంచ్ దర్శకుడు మెలియెస్ 1902లో తీసిన మూకీచిత్రమనీ, చివర్లో సముద్రంలోంచి ఆ జంటను కాపాడే ఓడకు ఆయన పేరే పెట్టారనీ గమనించడమే అసలైన పరీక్ష. నా దృష్టిలో మన దేశపు శ్రోతలు తప్పక వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆర్.ఇ.ఎం. బృందం వారి ‘లూజింగ్ మై రెలిజియన్’ వీడియోను తీసి, 1991లో దానికి ఎంటీవీ ఉత్తమ వీడియో పురస్కారం తెచ్చిపెట్టిన దర్శకుడు ఎవరు? జవాబు, జలంధర్‌లో పుట్టిన తర్సెమ్ సింగ్.