అమ్మానాన్నల గ్రీన్ కార్డు ఫీజు: ముంబయి దారిలో ఒక లెక్క, అమెరికాలో ఉండి వేస్తే మరో లెక్క

గత ఏడాది మీకు అమెరికా పౌరసత్వం వచ్చిందనీ, గుంటూరులో ఉన్న అమ్మగారికీ నాన్నగారికీ గ్రీన్ కార్డు దరఖాస్తు చేయాలనుకుంటున్నారనీ, ఫీజులు దాదాపు రెట్టింపయ్యాయని ఒకరూ పెద్దగా పెరగలేదని మరొకరూ చెప్పడంతో ఎటూ తేల్చుకోలేకపోతున్నారనీ రాశారు. వచ్చే నెల వాళ్ళు విజిటర్ వీసా మీద వస్తున్నారు కాబట్టి ఇక్కడే ఉంచి వేసేయవచ్చా, పనిలో పనిగా తమ్ముడికి కూడా వేయాలా అని అడిగారు.

మీకు చెప్పిన ఇద్దరిదీ నిజమే. ఇద్దరూ రెండు వేర్వేరు దారుల గురించి మాట్లాడుతున్నారు, అంతే. మా ఇంట్లో రెండు దారుల్లోనూ డబ్బు కట్టాము. మా అమ్మానాన్నలకు నేను 2021లో, వాళ్ళు తెనాలిలో ఉండగానే దరఖాస్తు చేశాను. మా అత్తయ్యగారికి మావారు 2024లో, ఆవిడ కొలంబస్‌లో మా దగ్గర ఉన్నప్పుడు చేశారు. నేను లాయరును కాను. మేము కట్టిన డబ్బు, పడిన అవస్థ, వాటివల్ల తెలుసుకున్నది మాత్రమే రాస్తున్నాను.

మొదట ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. తల్లికీ తండ్రికీ కలిపి ఒకే దరఖాస్తు వేయడం కుదరదు. ఇద్దరికీ వేర్వేరుగా ఐ-130, అంటే వాళ్ళు మన బంధువులని చూపించి వేసే మొదటి దరఖాస్తు, వేయాలి, ప్రతి ఫీజునూ రెండుసార్లు లెక్కవేసుకోవాలి. నేను ఇది తెలియక ఒక్కరికి సరిపడా డబ్బు పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

వాళ్ళు ఇండియాలోనే ఉండి ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్ళే దారిలో, ఒక్కొక్కరికి నేను కట్టింది ఇది: ఐ-130కి 535 డాలర్లు, అది ఆమోదం పొంది వీసా కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కు చేరాక, వాళ్ళ పోషణకు మనం ఇచ్చే స్పాన్సర్ హామీపత్రం పరిశీలనకు 120, వీసా దరఖాస్తుకు 325, వీసా చేతికి వచ్చాక కార్డు తయారీ కోసం అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు 220. మొత్తం 1,200 డాలర్లు. 2024 ఏప్రిల్ 1న కొత్త ఫీజులు అమల్లోకి వచ్చాక ఐ-130 కాగితం మీద పంపితే 675, ఆన్‌లైన్‌లో వేస్తే 625 అయింది, చివరి 220 కాస్తా 235 అయింది, మధ్యలోని రెండూ విదేశాంగ శాఖవి కాబట్టి ఆ మార్పు వాటిని తాకలేదు. ఆన్‌లైన్‌లో వేసుకుంటే మనిషికి 1,305 డాలర్లతో సరిపోతుంది. అంటే నూట అయిదు డాలర్లు పెరిగింది. పెద్దగా పెరగలేదని మీకు చెప్పినవారు ఈ దారిలో వెళ్ళినవారై ఉంటారు.

రెండో దారిలో, అంటే మనిషి అమెరికాలో ఉండగానే ఐ-130తో పాటు, ఇక్కడే ఉండి గ్రీన్ కార్డు అడిగే ఐ-485 ఫారం కూడా వేసే పద్ధతిలో, కథ వేరు. 2024 మార్చి 31 వరకు ఐ-130కి 535, ఐ-485కి వేలిముద్రల ఖర్చుతో కలిపి 1,225, మొత్తం 1,760 డాలర్లు కడితే, పని అనుమతికి వేసే ఐ-765, కార్డు రాకముందే ఇండియా వెళ్ళి రావడానికి అనుమతి ఇచ్చే ఐ-131 రెండూ ఉచితంగా వచ్చేవి. కొత్త నిబంధనల్లో ఐ-485 ఒక్కటే 1,440 అయింది. దానికి మించిన దెబ్బ ఏమిటంటే, ఉచితంగా వచ్చే ఆ రెంటినీ విడదీసి ఐ-765కి 260, ఐ-131కి 630 విడిగా పెట్టారు. కాగితం మీద నాలుగూ వేస్తే 3,005 డాలర్లు. ఇద్దరికీ అయితే ఆరు వేలు దాటుతుంది. రెట్టింపు అన్న మాట ఇక్కడినుంచి పుట్టింది. ఐ-485 తేలక ఆ అనుమతుల గడువు ముగిస్తే పొడిగింపుకు మళ్ళీ కట్టాలి. 2024 ఏప్రిల్ 1కి ముందు ఐ-485 వేసి ఇంకా ఎదురుచూస్తున్నవారికి మాత్రం పాత వెసులుబాటు కొనసాగుతుంది.

ఇక మా అత్తయ్యగారి సంగతి. ఆవిడ 2023 డిసెంబరులో మా పాప పురిటికి సాయంగా వచ్చారు. ఫిబ్రవరిలో ఇంటి ముందు మంచు మీద జారిపడి తుంటి దగ్గర ఎముక చిట్లింది. తెనాలిలో ఒంటరిగా ఉండే మనిషిని ఆ స్థితిలో పంపలేక ఇక్కడే ఉంచుకుందామని మార్చిలో నిర్ణయించుకున్నాము. ఏప్రిల్ ఒకటి లోపు పోస్టు చేయాలని మావారు 27వ తేదీనే చెక్కులు రాసి కవరులో పెట్టేశారు. కానీ ఆవిడ జనన ధ్రువపత్రం బదులు ఇవ్వవలసిన కాగితాలు ఇంటినుంచి కొరియరులో రావాలి. అవి ఏప్రిల్ 2న వచ్చాయి. మరునాడు హడావిడిగా అన్నీ కలిపి పంపించాము, చెక్కుల మీద అంకె మార్చాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు. మూడు వారాల తర్వాత కవరు మొత్తం, మేము పెట్టిన క్లిప్పులతో సహా, తిరిగివచ్చింది. డబ్బు తీసుకోలేదు కాబట్టి నష్టం లేదని చెప్పుకోవచ్చు గానీ, ఆ మూడు వారాలూ వరుసలో మాకు చోటు లేనట్టే కదా. తప్పు పూర్తిగా మాదే.

రెండోసారి పంపేటప్పుడు ఆ చిరాకులో ఇంకో తప్పు చేశాము. ఆవిడ ఉద్యోగం చేయరు కాబట్టి ఐ-765 మానేశాము. అది ఇప్పటికీ సరైన పనే అనుకుంటాను. అయితే గ్రీన్ కార్డు వచ్చేదాకా సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డుకూ తిప్పలు ఉంటాయి, అది గమనించుకోండి. ఇక 630 డాలర్లు ఎందుకులే, తుంటి నొప్పితో ఆవిడ ఎక్కడికి వెళ్తారు అని ఐ-131 కూడా మానేశాము. ఐ-485 పెండింగులో ఉండగా ఆ అనుమతి లేకుండా దేశం దాటితే మామూలుగా దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. ఆగస్టులో ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి నవంబరులో షష్టిపూర్తి, అక్కయ్య లేకుండా పీటల మీద కూర్చోనన్నారు. అప్పుడు 630 కట్టి ఐ-131 వేశాము. నవంబరుకి రాలేదు. అక్కడ ఉదయం ముహూర్తం, మాకు రాత్రి పదిన్నర. ఆవిడ పట్టుచీర కట్టుకుని, వంటింటి బల్ల మీద డబ్బాకు ఆనించి పెట్టిన ఫోను ముందు కూర్చుని, తలంబ్రాల దగ్గర ఇంటర్నెట్ ఆగిపోతే కూడా కదలకుండా అలాగే చూస్తూ ఉన్నారు. కార్డు ఫిబ్రవరిలో వచ్చింది. చివరికి 630 మిగలనూ లేదు, ప్రయాణమూ జరగలేదు. అందుకే ఇక్కడ ఉండి వేసేవారు ఐ-131ని మొదటి కవరులోనే పెట్టమని గట్టిగా చెబుతాను. పెద్దవాళ్ళ విషయంలో ఇండియా ప్రయాణం ఎప్పుడు ఎందుకు పడుతుందో ఎవరం చెప్పగలం?

మీ విషయంలో ఈ రెండో దారి గురించి నాకు డబ్బుకు మించిన సందేహం ఉంది. వాళ్ళు ఇంకా బయలుదేరలేదు, మీరు ఇప్పుడే ఇక్కడ ఉంచేసి వేయాలని ఆలోచిస్తున్నారు. చూసి వెళ్ళిపోతామని చెప్పే వీసా మీద, ఉండిపోవాలనే ముందస్తు నిర్ణయంతో దిగడం ఇమిగ్రేషన్ అధికారికి అబద్ధం చెప్పడమే అవుతుంది. అది తర్వాత ఇంటర్వ్యూలో బయటపడితే పోయేది ఫీజు ఒక్కటే కాదు. మా అత్తయ్యగారిని ఇంటర్వ్యూలో అడిగిన మొదటి నాలుగైదు ప్రశ్నల్లో, వచ్చేటప్పుడు ఎన్నాళ్ళుండాలని వచ్చారన్నది ఒకటి. ఆవిడ దగ్గర మే నెల తిరుగు టికెట్టు, ఆసుపత్రి కాగితాలు ఉన్నాయి. మీ అమ్మానాన్నలను మామూలుగా రానివ్వండి, మనవలతో గడిపి వెళ్ళనివ్వండి, ఈలోగా మీరు ఇద్దరికీ ఆన్‌లైన్‌లో ఐ-130 వేసి ముంబయి దారిలో వెళ్ళండి. మనిషికి పదిహేడు వందల డాలర్లు ఆదా అవుతుంది. అయితే ఐ-130 పెండింగులో ఉందన్న సంగతి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో అడిగితే దాచకూడదని వాళ్ళకు ముందే చెప్పండి.

ముంబయి దారిలో అమెరికా ప్రభుత్వ ఫీజులు కాని ఖర్చులు ఉంటాయి. పాస్‌పోర్టు కార్యాలయంలో పోలీసు క్లియరెన్సుకు మనిషికి 500 రూపాయలు, కాన్సులేట్ గుర్తించిన డాక్టరు దగ్గర వైద్యపరీక్ష, టీకాలు, ముంబయిలో బస. మా నాన్నగారు రెండు రోజుల పనికి వారం రోజుల మరచెంబులు, పచ్చళ్ళు సర్దుకున్నారు. అది వేరే కథ.

అసలు డబ్బు వృథా అయ్యేది ఫీజు పెరిగినచోట కాదు, కాగితాలు సరిపోనిచోట. దరఖాస్తు తిరస్కరిస్తే కట్టింది తిరిగి రాదు. ఐ-130కి ఫీజు మాఫీ కూడా లేదు. తల్లికి వేసేటప్పుడు మీ జనన ధ్రువపత్రంలో ఆవిడ పేరు ఉండాలి, తండ్రికైతే దానికి తోడు వాళ్ళ పెళ్ళి ధ్రువపత్రం కావాలి. మన తరంవాళ్ళలో చాలామందికి ఈ రెండింటిలోనూ చిక్కే. తెనాలి మునిసిపాలిటీ ఇచ్చిన నా పత్రంలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంది, తల్లి పేరు గడిలో లక్ష్మమ్మ అని ఉంది. పాస్‌పోర్టులో మా అమ్మ పేరు వెంకట సుబ్బలక్ష్మి. ఊరంతా లక్ష్మమ్మ అని పిలిస్తే ఆసుపత్రివాళ్ళు అదే రాసుకున్నారు! నా పేరు చేర్పించుకుని కొత్త పత్రం తీసుకున్నా అమ్మ పేరు సంగతి పట్టించుకోలేదు. సరిగ్గా దాని మీదే మరిన్ని ఆధారాలు కావాలని యూఎస్‌సీఐఎస్ నుంచి ఉత్తరం వచ్చింది. రెండు పేర్లూ ఒకే మనిషివని అమ్మా, పెద్దమ్మా నోటరీ ముందు ఇచ్చిన ప్రమాణపత్రాలు, పాత రేషన్ కార్డు నకలు పంపితే సరిపోయింది గానీ నాలుగు నెలలు పోయాయి. పెళ్ళి 1978లో అయింది, ఎక్కడా రిజిస్టరు కాలేదు. శుభలేఖ, ఫోటో, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నలభై మూడేళ్ళ తర్వాత రిజిస్టరు చేయించాము. మీ వాళ్ళు వచ్చే నెల బయలుదేరేలోపు ఈ పనులు అక్కడే పూర్తిచేయించండి. ఇక్కడికి వచ్చాక మీసేవ చుట్టూ తిరగడానికి మనిషి దొరకరు. అమ్మానాన్నల జననం నమోదు కాకపోతే, నమోదు లేదన్న పత్రమూ, వాళ్ళ పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దల ప్రమాణపత్రాలూ కావాలి. అలాంటి పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు కూడా.

ఎందుకు ఇంత పెంచారని అడిగారు. యూఎస్‌సీఐఎస్ ఖర్చులో దాదాపు 96 శాతం దరఖాస్తుదారుల ఫీజులనుంచే వస్తుంది, కాంగ్రెస్ ఇచ్చేది స్వల్పం. 2016 డిసెంబరు తర్వాత 2020లో పెంచబోతే ఫెడరల్ కోర్టు ఆపింది, అలా ఏడేళ్ళకు పైగా ఆగిన భారం ఒక్కసారిగా పడింది. ఆ వాదన నాకు అర్థమవుతుంది. పెంచడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఐ-485ను ఆలస్యంగా తేల్చేది వాళ్ళే, ఆ ఆలస్యంలో ఊరికి వెళ్ళివచ్చే అనుమతికి మననుంచి 630 తీసుకునేదీ వాళ్ళే అన్నది మాత్రం మింగుడుపడదు. న్యాయంగా చెప్పాలంటే కొన్ని తగ్గాయి కూడా. వేలిముద్రల ఖర్చుతో 725 ఉన్న పౌరసత్వ దరఖాస్తు ఆన్‌లైన్‌లో 710 అయింది, అది మీరే కట్టి ఉంటారు. కార్డు వచ్చాక ఏడాదికి మించి ఇండియాలో ఉండాలనుకునే పెద్దలు తీసుకునే రీ-ఎంట్రీ పర్మిట్ 660 నుంచి 630కి దిగింది. మీ నాన్నగారు పొలం వదిలి రారన్నారు కాబట్టి ఈ చివరిది మీకు అవసరం పడవచ్చు.

తమ్ముడి విషయంలో ఆలోచించకుండా వేసేయండి. తోబుట్టువుల వరుసలో భారతీయులకు దాదాపు ఇరవై ఏళ్ళ నిరీక్షణ ఉంది, ఇవాళ పోయేది ఐ-130 ఫీజు 625 ఒక్కటే, మీరు వేసిన తేదీ మాత్రం ఆయన పేరు మీద నిలిచిపోతుంది. తల్లిదండ్రుల మాదిరి కాకుండా ఆయన భార్యాపిల్లలు అదే దరఖాస్తులో వస్తారు, అయితే పిల్లలకు 21 దాటితే ఆ లెక్క మారుతుంది. మిగిలిన ఫీజులు ఆయన వంతు వచ్చినప్పుడు అప్పటి రేట్ల ప్రకారం కట్టాలి. అవి ఎంత ఉంటాయో ఇప్పుడు బెంగపడి లాభం లేదు.

ఏది కాగితం మీద పంపినా 2025 అక్టోబరు 28 నుంచి చెక్కులు, మనీ ఆర్డర్లు మామూలుగా తీసుకోవడం లేదు. క్రెడిట్ లేదా డెబిట్ కార్డుతో కడితే జీ-1450, బ్యాంకు ఖాతానుంచి అయితే జీ-1650 ఫారం, ప్రతి దరఖాస్తుకూ విడివిడిగా జతచేయాలి. పోస్టు చేసే రోజు ఉదయం యూఎస్‌సీఐఎస్ ఫీజుల పట్టిక మరొకసారి తెరిచి, ఫారంలో రాసిన అంకెతో సరిచూసుకుని అప్పుడు కవరు అంటించండి.