ముద్గర్ వీపు వెనక్కి దించేటప్పుడు భుజం ముందువైపు నొప్పి

ఫాస్ట్ బౌలింగ్ చేస్తూ కొత్తగా నాలుగు కిలోల ముద్గర్ (వ్యాయామానికి భుజం చుట్టూ తిప్పే గద) మొదలుపెట్టానని, దాన్ని వీపు వెనక్కి దించేటప్పుడు భుజం ముందువైపు నొప్పి వస్తోందని అడిగారు. చాలావరకు బరువు ఎక్కువై ఉంటుంది. మొదట్లోనే అంత బరువు పట్టుకుంటే దాన్ని భుజం తిప్పదు, నడుము తిప్పుతుంది. ఫాస్ట్ బౌలింగ్‌తో ఇప్పటికే అలిసిన భుజం కూడా కదా మీది.

1. కిలో లోపు దానికి దిగండి. అర లీటరు నీళ్ల బాటిల్‌తో మొదలుపెట్టినా తప్పులేదు.

2. అందరూ వదిలేసేది ఇదే: ముద్గర్ వీపు వెనక ఉన్నప్పుడు మోచేయి పైకప్పు వైపు చూడాలి, పక్కకు జారకూడదు. భుజాన్ని కిందికి నొక్కిపెట్టకండి. చెయ్యి లేస్తే రెక్క ఎముక కూడా దాంతో పాటు కదలాలి. పొట్ట కాస్త బిగించండి, లేకపోతే నడుము విల్లులా వంగుతుంది. అద్దానికి పక్కగా నిలబడితే తెలిసిపోతుంది.

3. పిడికిలి మరీ బిగించొద్దు.

4. ఒక్కో చేత్తో పదేసి సార్లు తిప్పండి, రోజు విడిచి రోజు. బౌలింగ్ అయ్యాక వద్దు.

రాత్రి నొప్పికి నిద్ర పట్టకపోయినా, చెయ్యి ఎత్తలేకపోయినా ఆపేసి ఫిజియోకి చూపించండి.