సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకం బాగాలేకపోతే సమీక్షలో ఆ మాట రాయవచ్చా?

అంతగా పేరు లేని రచయితలు సొంత డబ్బుతో అచ్చు వేసుకున్న నవలలు, ఆత్మకథల గురించి రాసేటప్పుడు మొహమాటపడాలా అని అడిగారు. పడకండి. నేను ఒకసారి పడి చెడ్డాను. తెలిసినాయన నవల మీద ‘ఏకబిగిన చదివిస్తుంది’ అని రాశాను. నాకు పదిహేను రోజులు పట్టింది. నా మాట నమ్మి కొన్న మా పెద్దమ్మ ఫోను చేసి, “ఏకబిగిన అంటే ఎన్ని నెలలురా?” అని అడిగింది.

ఈ పుస్తకాలు మామూలుగా 500 ప్రతులు వేస్తారు. సగం బంధువులకూ ఆవిష్కరణ సభకు వచ్చినవారికీ పంచిపెడతారు. పత్రికలకు రెండేసి ప్రతులు పంపితే చాలావరకు ‘స్వీకారం’ కింద పేరూ వెలా వేసి ఊరుకుంటారు. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఎవరినో బతిమాలి ఒక బల్ల మూల పెట్టించుకుంటారు. మీరు రాసేదే ఆ పుస్తకానికి మొదటి సమీక్షా, ఆఖరి సమీక్షా కావచ్చు. అందుకే వెల, పేజీలు, ప్రతులు ఎక్కడ దొరుకుతాయో తప్పక రాయండి. ముందుమాటలు మాత్రం పుస్తకం పూర్తయ్యాకే చదవండి. మూడు ముందుమాటలుంటే నాకు అనుమానం మొదలవుతుంది.

టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఆత్మకథ నాకు పోస్టులో వచ్చింది. 240 పేజీలు. మొదటి 80 వంశచరిత్ర, చివరి 30 సన్మానాల ఫొటోలు. మధ్యలో ఒకచోట ఆగిపోయాను. టెలిగ్రాం అనగానే ఊళ్ళో చావు కబురే అనుకుని ఏడుపులు మొదలుపెట్టేవారట. అందుకని, మంచి కబురైతే వీధి మొదటినుంచీ సైకిలు బెల్లు కొట్టుకుంటూ రమ్మని ఈయన బంట్రోతుకు చెప్పారు. ఒకరోజు బెల్లు చెడిపోయింది. చేతిలో ఉన్నది ఉద్యోగం వచ్చిందన్న తంతి. కుర్రవాడు గడప ఎక్కేలోపే ఆ ఇంట్లో గాజులు పగలగొట్టుకోబోయారట.

సమీక్షలో సగం ఆ రెండు పేజీలకే ఇచ్చాను. టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది, ఇక ఈ సంగతి రాసేవారు ఎంతమంది మిగిలారు? వంశచరిత్ర దాటేసి 81వ పేజీనుంచి మొదలుపెట్టమని కూడా రాశాను. ఆత్మకథలో భాష తడబడినా, రాసిన మనిషికి తప్ప తెలియని విషయం ఒక్కటి ఉంటే క్షమిస్తాను. నవలకు ఆ మినహాయింపు ఇవ్వను, కథ చెబుతానని పిలిచి కూర్చోబెట్టినవారు చెప్పాల్సిందే.

అచ్చుతప్పులు సమీక్షలో ఏకరువు పెట్టకండి, రచయితకు విడిగా పంపండి. ఆ పెద్దాయనకు 43 తప్పుల జాబితా పంపాను. 81వ పేజీ మాటకు నొచ్చుకున్నారు, నెలరోజులు ఉలుకూ పలుకూ లేదు. తరువాత మరో ప్రతి వచ్చింది. అందులో 43 తప్పులూ నీలం బాల్‌పెన్నుతో దిద్ది ఉన్నాయి. ఇంట్లో మిగిలిన ప్రతులన్నిటిలోనూ అలాగే కూర్చుని దిద్దారట.