లేక్ మీద క్యాబిన్ కొనాలా? ముందు రాత్రులు లెక్కపెట్టండి

ప్రశ్న: మేం మినియాపొలిస్ పక్కన ప్లిమత్‌లో ఉంటాం. ఇద్దరం హెచ్1బీ మీద పనిచేస్తున్నాం. పిల్లలకు 12, 9 ఏళ్లు. పోయిన జూలైలో ఉత్తర మిన్నెసోటాలోని ఈలీ అనే ఊరు వెళ్లొచ్చాక ఇంటిల్లిపాదికీ ఆ సరస్సుల పిచ్చి పట్టుకుంది. ఏడాది పొడవునా వెళ్లొచ్చని అక్కడ సరస్సు ఒడ్డున 3.2 లక్షల డాలర్లకు ఒక క్యాబిన్, అంటే విడిది ఇల్లు, చూశాం. డౌన్ పేమెంట్‌కు 64,000 ఉన్నాయి. మిగతాది 7 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్ వస్తుందంటున్నారు. ఇద్దరు మిత్రులు కూడా వాటా కలుస్తామంటున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దండీ. కనీసం ఈ ఏడాది వద్దు. మీ మోజును తప్పుపట్టడం లేదు. కానీ మీరు చూసింది జూలై ఒక్కటే. పెళ్లిచూపుల్లో చూసినట్టే చూశారు, కాపురం ఇంకా మొదలవలేదు.

మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. 2.56 లక్షల లోన్‌కు కిస్తీ నెలకు సుమారు 1,700, ఏడాదికి 20,400. ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఇల్లు వేడిచేసే ప్రొపేన్ గ్యాస్, కరెంటు, మంచు తీయించడం, సెప్టిక్ ట్యాంకు అన్నీ కలిపి నేను ఇంకో పదివేలు వేస్తాను. మొత్తం 30,400. అందులో మొదటి ఏడాది అసలు కింద తీరేది 2,600 మాత్రమే. ఇక రాత్రులు. శనివారం డాన్స్ క్లాసు, పుట్టినరోజు పార్టీలు, రెండేళ్లకోసారి డిసెంబర్‌లో ఇండియా ప్రయాణం, పైగా అక్కడికి ఒకవైపే నాలుగు గంటల పైన డ్రైవ్. ఇవన్నీ పోను ఏడాదికి 24 రాత్రులు పడుకుంటే గొప్ప. అంటే రాత్రికి దాదాపు 1,270 డాలర్లు. అద్దెకు తీసుకుంటే రాత్రికి 300 వేసుకున్నా మొత్తం 7,200తో అయిపోతుంది.

'మనం లేనప్పుడు అద్దెకిస్తే అదే కట్టుకుంటుంది కదా' అంటారు మిత్రులు. జనం అడిగేది జూలై, ఆగస్టుల్లోనే. మీకు కావలసిందీ అప్పుడే. ఏడాదిలో 14 రోజుల లోపు అద్దెకిస్తే ఆ ఆదాయంపై ఫెడరల్ పన్ను ఉండదన్న మాట నిజమే, కానీ 14 రోజుల అద్దెతో 30 వేల ఖర్చు ఏ మూలకు? అంతకు మించి మీరే దగ్గరుండి వ్యాపారంలా నడిపితే వీసా ప్రశ్న వస్తుంది. ముందు లాయర్‌ను అడగండి.

చలికాలం మాట చెప్పాలి. ఈలీకి దగ్గర్లోనే ఉన్న టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారెన్‌హీట్ నమోదైంది. మిన్నెసోటా రాష్ట్ర రికార్డు అదే. రోజూ అంత చలి ఉండదు గానీ, నా క్లయింటు ఒకాయన ఒక జనవరిలో తన క్యాబిన్ నుంచి పంపిన ఫొటో నాకింకా గుర్తుంది. ప్రొపేన్ ట్యాంకు మీటరు ముల్లు పది శాతం దగ్గర ఉంది. పక్కన దారికి అడ్డంగా, రోడ్డు మీద మంచు తోసే ప్లౌ బండి వదిలివెళ్లిన నడుమెత్తు మంచుగోడ. పైపులు గడ్డకట్టాయి. పిల్లలు జాకెట్లు విప్పకుండానే స్టవ్ మీద మంచు కరిగించి మ్యాగీ చేసుకున్నారట. వాళ్లకది సరదా, ఆయనకు ప్లంబర్ బిల్లు.

అందుకే ఒక ఏడాది నాలుగు కాలాలూ అద్దెకే వెళ్లి చూడండి. నెలకు 700 చొప్పున వేరే సేవింగ్స్ అకౌంట్లో వేయండి. ఏడాదికి 8,400 అవుతుంది, బసకు పోను పెట్రోలు, పడవ అద్దె అందులోనే. మొదటి ట్రిప్ ఫిబ్రవరిలో పెట్టుకోండి: కుక్కలు లాగే బండి మీద డాగ్ స్లెడ్డింగ్, గడ్డకట్టిన సరస్సు మీద ఐస్ ఫిషింగ్. ఆ గడ్డ నాలుగు అంగుళాల మందమైనా ఉంటేనే దానిమీద కాలు పెట్టాలన్నది అక్కడి లెక్క. ఏప్రిల్ చివర చవగ్గా దొరికినా వెళ్లకండి, అప్పుడు నడవడానికి మంచు సరిపోదు, పడవ వేయడానికి నీళ్లు తేలవు. జూన్‌లో దోమలు. జూలై, ఆగస్టుల్లో చాలా రిసార్టులు వారం లెక్కనే ఇస్తాయి కాబట్టి బడ్జెట్‌లో పెద్ద ముక్క అక్కడే పోతుంది. సెప్టెంబర్ చివర ఆకులు రంగు మారతాయి, నాకైతే అదే ఇష్టం.

ఈలీ పక్కనున్న సరస్సుల అడవి బౌండరీ వాటర్స్ లోపల గుడారం వేసుకుని పడుకోవాలంటే మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా కోటా పర్మిట్ (రోజుకు ఇన్నే అని లెక్కపెట్టి ఇచ్చేది) తీసుకోవాలి. 2024లో పెద్దలకు 16, పిల్లలకు 8, రిజర్వేషన్‌కు 6 ఉండేవి. ఆ లెక్కన మీ నలుగురికీ 54 డాలర్లు, అదీ రాత్రికి కాదు, ట్రిప్ మొత్తానికి. వెయ్యికి పైగా సరస్సులున్న అడవికి ఇంతకన్నా చవకైన టికెట్టు నేను చూడలేదు. అమ్మానాన్నలు వస్తే మాత్రం పోర్టేజ్ లేని దారి చూసుకోండి. పడవను భుజాన మోసుకుంటూ సరస్సు నుంచి సరస్సుకు నడవడం మోకాళ్ల నొప్పులున్నవాళ్ల పని కాదు. క్యాన్సిలేషన్ షరతులూ చదవండి. 2021 ఆగస్టులో కార్చిచ్చుల వల్ల ఆ ప్రాంతం మొత్తాన్నీ కొన్నాళ్లు మూసేశారు. అద్దెదారుడికైతే పోయేది అడ్వాన్సే.

వాటాల సంగతి. పదిమంది చేతిలో పాము చావదంటారు. జూలై 4 సెలవుల వారం ఎవరిది? ఒకరికి డాలస్‌లో ఉద్యోగం వస్తే ఆ వాటా ఎవరు, ఏ ధరకు కొంటారు? ఇవి కాగితం మీద రాసుకోనంత వరకు స్నేహాన్ని లోన్‌కు ష్యూరిటీ పెట్టినట్టే. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మీ వీసా. ఉద్యోగం పోతే మీ చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అలాంటప్పుడు అడవిలో ఒక ఇల్లు అమ్మకానికి పెట్టుకుని కూర్చోలేరు. ఆ 64,000లో ముందు ఎనిమిది నెలల ఇంటి ఖర్చు తీసి పక్కన పెట్టండి, మిగిలిందే డౌన్ పేమెంట్.

ఏడాది తర్వాత కూడా మనసు అటే లాగుతుంటే క్యాబిన్ చూడటానికి ఫిబ్రవరిలోనే వెళ్లండి. అమ్మేవాళ్లను పోయిన చలికాలం ప్రొపేన్ బిల్లులు, సెప్టిక్ తనిఖీ కాగితం, దారిలో మంచు తీసేవాడి ఫోన్ నంబరు అడగండి. 'చలికాలం మేం రాం, నీళ్లు కట్టేసి వెళ్లిపోతాం' అన్నారంటే, మీకు అమ్ముతున్నది వేసవి ఇల్లు. ఏడాది పొడవునా ఉండేలా చేయించడానికి అయ్యే ఖర్చు రాయించుకుని, ధరలో అంత తగ్గించి బేరం మొదలుపెట్టండి.