రాత్రి ఖాళీగ ఉండే సిస్టమ్‌లతోని వర్చువల్ లోకం నడుస్తదా?

ప్రశ్న: అన్నా నమస్తే. దేవరకొండల మాకు నెట్ సెంటర్ ఉన్నది, 10 సిస్టమ్‌లు. అప్లికేషన్లు, హాల్ టికెట్ల పని రాత్రి 9 దాకనే, తర్వాత అన్నీ ఖాళీ. జనం కంప్యూటర్లన్నీ కలిపి పెద్ద వర్చువల్ లోకం (మనం బొమ్మ రూపంల తిరిగే కంప్యూటర్ లోకం) నడిపిస్తరు, మన సిస్టమ్‌లు ఇస్తే పైసలొస్తయ్ అని వాట్సాప్ గ్రూపుల ఒకాయన చెప్తున్నడు. ముందుగాల డిపాజిట్ కట్టాల్నంట. కట్టొచ్చా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్మీ, డిపాజిట్ మాత్రం కట్టకు. సిస్టమ్ మనది, కరెంటు మనది, పైకెల్లి మనమే ముందుగాల పైసలు కట్టుమంటే అనుమానపడాల్సిందే.

కానీ ఆ ఆలోచన ఉత్తది కాదు. 2003ల సెకండ్ లైఫ్ అనే వర్చువల్ లోకం వచ్చింది, అందుల భూమిని 256 మీటర్ల పొడుగు 256 మీటర్ల వెడల్పు ముక్కలు చేసి ఒక్కో ముక్కను కంపెనీయే సర్వర్ల మీద నడిపిస్తది, ఒక ముక్కల జనం ఎక్కువైతే అది మెల్లగైతది, పక్క ముక్క ఖాళీగున్నా దాని బలం దీనికి రాదు. దాన్ని పెట్టిన ఫిలిప్ రోజ్‌డేల్ 2013ల హై ఫిడెలిటీ అని ఇంకో కంపెనీ పెట్టి, జనం ఇండ్లల్ల ఉన్న కంప్యూటర్లనే కలుపుకొని లోకాన్ని నడిపియ్యాలె అనుకున్నడు. ఆ పబ్లిక్ లోకం 2020ల మూతపడ్డది. కోడ్ మాత్రం ఎవరన్న వాడుకునేటట్టు ఓపెన్ సోర్స్ చేసిన్రు, దాన్నే ఓవర్ట్ పేరుతోని వాలంటీర్లు ఇంకా ముందుకు తీస్కపోతున్నరు.

ఇగ నీ సిస్టమ్‌ల సంగతి. ఖాళీ కంప్యూటర్లను కలిపి పని చేయించుడు కొత్తదేం కాదు, 1999ల వేరే గ్రహాల జీవుల సిగ్నళ్లు వెతికే సెటీ ఎట్ హోమ్ (2020ల పని పంచుడు ఆపింది), 2000ల రోగాల పరిశోధనకు ఫోల్డింగ్ ఎట్ హోమ్ మొదలైనయి. ఇట్లాంటియి పనిని ముక్కలు చేసి పంపిస్తయి, మన సిస్టమ్ రేపు జవాబిచ్చినా నడుస్తది, ఎవరన్న తప్పు లెక్క పంపుతరేమో అని సెటీ వాళ్లు ఒకే ముక్కను ఇద్దరికి పంపి సరిచూసుకునేటోళ్లు. వర్చువల్ లోకంల అట్ల కుదరది. నేను చెయ్యి లేపితే ఎదుటి మనిషికి దాదాపు 100 మిల్లీసెకన్ల (సెకన్‌ల పదో వంతు) లోపల్నే కనబడాలె, ఆలస్యమైన కొద్ది ఎదురుంగ మాట్లాడుతున్నట్టు అనిపియ్యది. ఫైబర్ల వెలుగు మిల్లీసెకన్‌కు దాదాపు 200 కిలోమీటర్లు పోతది, అంటే హైదరాబాద్ నుంచి అమెరికా పడమటి ఒడ్డుకు రానుపోను వెలుగుకే 130 మిల్లీసెకన్లు దాటుతది. నీ సిస్టమ్‌లు ఖాళీ అయ్యేది మనం పండుకునే టైమ్‌ల, అప్పుడు మెలకువతోని ఉండేది అమెరికావోళ్లు, వాళ్లకేమో నువ్వు మస్తు దూరం. మన పిల్లలు సాయంత్రం లోకంలకు రావాల్నంటే అప్పుడు నీ సిస్టమ్‌ల మీద కస్టమర్లు కూసొని ఉంటరు. అసలు చిక్కు గిదే, దీన్ని ఎవరూ చెప్పరు.

కరెంటు కూడ లెక్కేస్కో: సిస్టమ్‌కు 100 వాట్లు అనుకున్నా 10 సిస్టమ్‌లు 8 గంటలు నడిస్తే రాత్రికి 8 యూనిట్లు, నెలకు 240. రాత్రి సిస్టమ్‌లు సైన్స్‌కు ఇయ్యాలని నిజంగ మనసుంటే ఫోల్డింగ్ ఎట్ హోమ్ పెట్టు, ఒకటి రెండు సిస్టమ్‌ల మీద. పైసలు రావు, కానీ రోగాల పరిశోధనకు పనికొస్తది.

ప్రశ్న: సార్, మా కాలేజ్ ల్యాబ్‌ల నెట్ సరిగ్గ రాదు. పిల్లలతోని ఇట్లాంటి లోకం చిన్నదన్న కట్టియ్యొచ్చా?
- ఒక లెక్చరర్, మహబూబ్‌నగర్

జవాబు: కట్టియ్యొచ్చు మేడం, మీ ల్యాబే దీనికి మంచి జాగ, అన్ని సిస్టమ్‌లు ఒక్క రూముల ఉంటయి కాబట్టి దూరం బాధ లేదు. సెకండ్ లైఫ్ లాంటి లోకాన్ని మన సిస్టమ్‌ల మీదనే నడుపుకునే ఓపెన్‌సిమ్యులేటర్ అని 2007 నుంచి వస్తున్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నది, అది, లోకంలకు పోయి చూసేటందుకు ఫైర్‌స్టార్మ్ వ్యూయర్ల ఓపెన్‌సిమ్ వెర్షన్, రెండూ ఎక్కడన్న డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌ల తెచ్చుకోండి, తర్వాత నెట్ లేకున్నా ల్యాబ్ కేబుల్ మీదనే నడుస్తది.

ఏం కట్టాలంటే, పిల్లలమర్రి కట్టియ్యండి. సూర్యాపేట దగ్గర గుళ్లున్న పిల్లలమర్రి కాదు, మన పాలమూరు మర్రిచెట్టు. ఊడల ఫొటోలు తీస్కొని రమ్మనండి, చెట్టు మూడు నాలుగు ఎకరాల్ల ఉంటది, ఒక్క రీజియన్ (పైన చెప్పిన 256 మీటర్ల ముక్క) 16 ఎకరాలొస్తది, మొత్తం చెట్టు సుఖంగ పడుతది. ఒక సిస్టమ్ మీద రోబస్ట్ సర్వీస్ (లాగిన్లు, రీజియన్ల లెక్క చూసే ప్రోగ్రామ్) పెట్టి, పక్కపక్క రీజియన్లు వేరే వేరే సిస్టమ్‌లకు ఇయ్యండి, పిల్లలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్లకు నడుచుకుంట పోతరు. మధ్యల ఒక సిస్టమ్ ఆపి చూపియ్యండి, ఆ భూమి పోతది, అందుల నిలబడ్డోళ్ల కనెక్షన్ తెగిపోతది, షేర్డ్ కంప్యూటింగ్ల కష్టమేందో గంటసేపు లెక్చర్ కన్నా బాగ అర్థమైతది. ఆపే ముందు మాత్రం రీజియన్‌ను ఓఏఆర్ ఫైల్‌గ (అందుల కట్టినదంత ఒక్క ఫైల్‌ల) సేవ్ చేస్కోండి, పిల్లల పని పోకుంట ఇంకో సిస్టమ్‌ల ఎక్కియ్యొచ్చు.