గోల్ఫ్ పోటీకి వెళ్తే ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. గోల్కొండలో ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీ జరిగినప్పుడు చూడటానికి రమ్మని పిలుస్తున్నాడు. హన్మకొండ స్టేడియంలో ఆటలు చూసిన అలవాటే గాని గోల్ఫ్ మైదానంలో నేనెన్నడూ అడుగుపెట్టలేదు. అక్కడ కూర్చునే వీలుంటుందా, రోజంతా నడవవలసిందేనా? అరవై రెండేళ్ల వయసులో ఈ శ్రమ పెట్టుకోవచ్చా?
– ఒక విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లండి. అయితే స్టేడియం అలవాటును కాజీపేట స్టేషన్‌లోనే వదిలిపెట్టి రైలెక్కండి. క్రికెట్‌లో మనం ఒకచోట కూర్చుంటే ఆట అంతా మన కళ్లముందే నడుస్తుంది. గోల్ఫ్‌లో ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురు చొప్పున జట్లుగా 18 హోల్స్ (ఒక్కో గుంత, దాని దాకా బంతిని కొట్టుకుంటూ వెళ్లే బాట కలిపి ఒక హోల్) మీద చెదిరి ఉంటారు కాబట్టి, మీరు ఒక జట్టును చూస్తున్న వేళకే పోటీని మలుపు తిప్పే దెబ్బ అర కిలోమీటరు అవతల, చెట్ల చాటున పడిపోయి ఉండవచ్చు. మేడారం పోయినవాళ్లు ఒకే సమయంలో గద్దెల దగ్గరా జంపన్న వాగులోనూ ఉండలేరు కదా, ఇదీ అంతే. ఏది చూడాలో, ఏది వదులుకోవాలో ముందే అనుకుని వెళ్లినవారికి విసుగు పుట్టదు.

ముందుగా తేదీలు సరిచూసుకోండి. గోల్కొండ కోటలోని నయా ఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ మైదానం ఉంది. 2006లో ఏర్పడిన ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా వారి గోల్కొండ మాస్టర్స్ పోటీ అక్కడే జరుగుతుంది. విదేశాల్లో పెద్ద పోటీలు సాధారణంగా గురువారం మొదలై ఆదివారం ముగుస్తాయి గాని, మన దేశంలో మంగళవారం మొదలై శుక్రవారంతో ముగిసే పోటీలూ ఉన్నాయి. సెలవు రోజు కదా అని ఆదివారం దిగితే గడ్డి కోసేవారు తప్ప ఎవరూ కనిపించకపోవచ్చు. పోటీ నాలుగు రోజులది. రెండు రోజులయ్యాక వెనుకబడినవారిని తప్పిస్తారు, దానినే కట్ అంటారు. మొదటి రెండు రోజుల్లో ఎక్కువమంది ఆటగాళ్లు, తక్కువ జనం ఉంటారు కాబట్టి ఆట నేర్చుకోవడానికి అవే మంచివి. ఆట పొద్దున్నే మొదలవుతుంది గనుక ముందు రోజు రాత్రికే అబ్బాయి ఇంటికి చేరుకోవడం మేలు.

ఇక నడక సంగతి. మైదానం పొడవు సుమారు 7,000 గజాలు, అంటే దాదాపు ఆరున్నర కిలోమీటర్లు. ఒక జట్టు వెంట మొదటి నుంచి చివరి వరకు తిరిగితే అంతకంటే ఎక్కువే అవుతుంది. మీ వయసుకు నా సలహా వేరు. పార్ 3 హోల్ ఒకటి చూసుకుని, గ్రీన్ (గుంత చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన చోటు) పక్కన నీడలో స్థిరపడండి. పార్ అంటే ఆ హోల్‌ను ఎన్ని దెబ్బల్లో ముగించాలో చెప్పే లెక్క. పొడవైన పార్ 5 హోల్ దగ్గర నిలబడితే బంతి ఎటునుంచి వచ్చి ఎటు పోయిందో కూడా అంతుచిక్కదు. పార్ 3 పొట్టిది కనుక మొదటి దెబ్బ కొట్టడం, బంతి గాలిలో లేవడం, గ్రీన్ మీద దిగడం, గుంతలో పడటం అన్నీ ఒక్క చోటి నుంచే కనిపిస్తాయి, పైగా జట్లన్నీ వరుసగా మీ ముందు నుంచే సాగిపోతాయి. మధ్యాహ్నం మాత్రం పద్దెనిమిదో గ్రీన్ దగ్గరకు మారండి.

గ్రీన్ మీద ఆటగాడు మోకాళ్లు వంచి కూర్చుని నేల ఎటు వాలిందో చూస్తాడు. అతని సంచి మోసే సహాయకుడు, అంటే క్యాడీ, బంతి తుడిచి ఇస్తాడు. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు మాత్రమే, కానీ ఆటగాడు దానికి నేరుగా గురిపెట్టడు. రెండు జానెల పక్కకు చూసి మెల్లగా తోస్తాడు. సగం దూరం పోయిన బంతి వాలు అందుకుని, ఎవరో వేలుతో నెట్టినట్టుగా గుంత వైపు తిరుగుతుంది. టీవీలో నేలంతా చదునుగా కనిపిస్తుంది కనుక ఈ వంపు అసలు అందం అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది. దీని కోసమైనా ఒకసారి చూడవలసిన ఆట అని నా అభిప్రాయం.

ఆ సమయంలో ప్రేక్షకులను అదుపుచేసే మార్షల్ చేతులు పైకెత్తితే ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకోవాలి. నేను మొదటిసారి చూడబోయినప్పుడు సరిగ్గా ఆ క్షణంలోనే నా జేబులో ఫోను మోగింది. ఆటగాడు ఏమీ అనలేదు, వెనక్కి తగ్గి మళ్లీ మొదటి నుంచి వాలు చూసుకున్నాడు. వందమంది నా వైపు తిరిగి చూసిన ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఫోను మూగది చేసి లోపల పెట్టుకోండి.

ప్రశ్న: బంతి ప్రేక్షకుల మధ్య పడితే జ్ఞాపకంగా ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దు తల్లీ, ముట్టుకోకండి. బంతి మీకు పొరపాటున తగిలి ఆగినా, ఎక్కడ ఆగితే అక్కడి నుంచే ఆటగాడు కొడతాడు, ఎవరికీ శిక్ష ఉండదు. మీరు చేతిలోకి తీసుకుంటే దాన్ని తిరిగి అదే చోట పెట్టించవలసి వస్తుంది, ఆట ఆగిపోతుంది. ఇంకొక మాట: దూరం నుంచి "ఫోర్" అన్న కేక వినిపిస్తే, అది బౌండరీ లెక్క కాదు, బంతి దారితప్పి మీ వైపు వస్తోందన్న హెచ్చరిక. తలెత్తి చూడకుండా వంగి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకోవాలి. బంతి బరువు 46 గ్రాముల లోపే, కానీ అది వచ్చే వేగం మాత్రం ప్రమాదకరమైనది.

ప్రశ్న: స్కోరు బోర్డు మీద కొన్ని అంకెలు ఎర్రగా ఎందుకుంటాయి?
– ఒక విద్యార్థి, మంచిర్యాల

జవాబు: చాలాచోట్ల పార్ కంటే తక్కువ దెబ్బల్లో ఆడుతున్నవారి అంకెను ఎర్రగా చూపిస్తారు. మన మార్కుల కాగితం మీద ఎరుపు తప్పిందన్న గుర్తు, ఇక్కడ మాత్రం ముందున్నాడన్న గుర్తు.