టెండర్ వివాదాల్లో లాయర్‌గా రాణించాలంటే..

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామకు ఆసుపత్రి మంచాలు తయారుచేసే చిన్న పరిశ్రమ ఉంది. ఈమధ్య ఒక ప్రభుత్వ టెండర్‌లో ఆయన బిడ్‌ను టెక్నికల్ దశలోనే తిరస్కరించి, వేరే రాష్ట్రం సంస్థకు ఆర్డర్ ఇచ్చారు. ఇలా నష్టపోయే స్థానిక సరఫరాదారుల తరఫున వాదించాలని ఉంది. ఇంట్లోవాళ్లు మాత్రం ఆస్తి తగాదాల కేసులైతేనే నాలుగు డబ్బులు వస్తాయంటున్నారు. దీన్నే ప్రత్యేక రంగంగా ఎంచుకోవచ్చా?

జవాబు: ఎంచుకోవచ్చు. కాకపోతే ముందు ఒక అపోహ వదులుకోవాలి. మీ మామయ్య ఇక్కడివారు, గెలిచినవారు బయటివారు అన్న కారణం కోర్టులో నిలబడదు. కేంద్రం 2017లో తెచ్చిన మేకిన్ ఇండియా కొనుగోళ్ల ఉత్తర్వు ‘లోకల్’ అన్నది ఊరిని బట్టి చూడదు, వస్తువు విలువలో దేశీయ వాటా ఎంతో చూస్తుంది. చిన్న సంస్థలకు అసలైన ఆసరా 2012 నాటి ఎంఎస్ఈ కొనుగోలు విధానం. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి. ఎల్1గా (అతి తక్కువ ధర కోట్ చేసిన బిడ్డర్‌గా) వచ్చింది పెద్ద సంస్థ అయి, చిన్న సంస్థ ధర అంతకంటే 15 శాతానికి మించి ఎక్కువ లేకపోతే, ఎల్1 ధరకు దిగివచ్చి ఆర్డర్‌లో వాటా పొందవచ్చు. టెండర్ పిలిచింది రాష్ట్ర ప్రభుత్వమైతే ఈ విధానం నేరుగా వర్తించదు. ఆ రాష్ట్ర నిబంధనలు, టెండర్ పత్రం చూసుకోవాల్సిందే.

ఇక కోర్టు ఏం చూస్తుంది? టాటా సెల్యులార్ కేసులో (1994) సుప్రీంకోర్టు గీత గీసింది: నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఆ నిర్ణయానికి వచ్చిన తీరును పరిశీలిస్తాం అని. జగదీశ్ మండల్ కేసులో (2007) మరింత బిగించింది. దురుద్దేశమో పక్షపాతమో ఉందా, బుద్ధి ఉన్న అధికారి ఎవరూ తీసుకోలేనంత అసంబద్ధ నిర్ణయమా, ప్రజాప్రయోజనం దెబ్బతిందా? వీటికి ‘లేదు’, ‘కాదు’ అనే జవాబే వస్తే కోర్టు జోక్యం ఉండదు. ‘మా మంచాలే గట్టివి’ అనే వాదనకు అక్కడ విలువ లేదు. ‘మీరు పెట్టిన షరతును మీరే వాళ్లకు సడలించారు, మాకు సడలించలేదు’ అన్న వాదనకు ఉంది.

అలాగే ప్రతి లోపమూ బిడ్‌ను చంపదు. పొద్దార్ స్టీల్ కేసులో (1991) ఈఎండీకి (బిడ్‌తో పాటు కట్టే ధరావతుకు) ఇచ్చిన చెక్కు స్టేట్ బ్యాంకుది కాకుండా యూనియన్ బ్యాంకుది. అది అనుబంధ షరతే, ప్రధాన షరతు కాదు, పట్టించుకోకపోయినా తప్పులేదని సుప్రీంకోర్టు చెప్పింది. మీ మామయ్య బిడ్‌ను ఏ క్లాజు కింద తోసిపుచ్చారు, అది ఈ రెంటిలో ఏ కోవకు వస్తుంది? ముందు అది తేల్చండి. నా దృష్టిలో ఈ రంగంలో లాయర్‌కు అన్నం పెట్టేది వాగ్ధాటి కాదు. వందల పేజీల టెండర్ పత్రాన్ని, కారిజెండంలతో (తర్వాత జారీచేసే సవరణలతో) సహా, ఒక్క క్లాజు వదలకుండా చదివే ఓపిక.

రెండోది సమయం. రమణ దయారాం శెట్టి కేసు (1979) మీరు పాఠంగా చదివే ఉంటారు. అర్హత నియమాలను ప్రకటించిన సంస్థ వాటికి తానే కట్టుబడి ఉండాలన్న సూత్రం అక్కడిదే. కానీ పిటిషనర్‌కు దక్కిందేమీ లేదు. నెలల తరబడి ఆగి కోర్టుకు రావడం, ఈలోగా కాంట్రాక్టు పొందినవారు డబ్బు ఖర్చుపెట్టేయడం అందుకు ముఖ్య కారణాలు. ఇప్పుడు పరిస్థితి ఇంకా కఠినం. ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో (2022) సుప్రీంకోర్టు, తప్పు కనిపించినా టెండర్‌ను ఆపకుండా నష్టపరిహారం కోరమనడం మేలని హైకోర్టులకు సూచించింది. అందుకే సమాచార హక్కు జవాబు కోసం 30 రోజులు ఎదురుచూస్తూ కూర్చోకూడదు. దరఖాస్తు పెట్టండి, దాంతోపాటే రాతపూర్వక అభ్యంతరం వెంటనే పంపించండి. కేంద్ర కొనుగోళ్లలో అయితే తిరస్కరణను ప్రశ్నించే వీలు టెండర్ పత్రంలోనే ఉండాలని 2017 సాధారణ ఆర్థిక నియమావళి 173వ నియమం చెబుతోంది. తమిళనాడు, కర్ణాటక, రాజస్థాన్‌లలో టెండర్ పారదర్శకత చట్టాల కిందే అప్పీలుకు అవకాశం ఉంది.

ఇంట్లోవాళ్ల భయంలో కొంత నిజముంది. టెండర్ కట్టబెట్టిన నిర్ణయాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో వేసే రిట్ పిటిషన్లను మాత్రమే నమ్ముకుంటే మొదటి ఏళ్లు గడవడం కష్టం. చిన్న సరఫరాదారుకు టెండర్ పోవడం కన్నా తరచుగా వచ్చే కష్టం, సరుకు ఇచ్చాక బిల్లు రాకపోవడం. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఇలాంటి బాకీల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఈ కేసులు, ఆర్బిట్రేషన్లు (మధ్యవర్తి ముందు వాదనలు), బ్లాక్‌లిస్టింగ్ (ఇకపై టెండర్లకు అనర్హులుగా ప్రకటించే) నోటీసులకు జవాబులు, బిడ్ వేయకముందు పత్రాల పరిశీలన.. ఇవన్నీ చేస్తే చేతినిండా పని. బిడ్లకు ముందు సందేహాల కోసం జరిగే ప్రీ-బిడ్ సమావేశంలో ఒక అన్యాయమైన షరతును మార్పించగలిగితే, తర్వాత కోర్టు గడప తొక్కే పనే ఉండదు. ఆ సేవ మన చిన్న పరిశ్రమలకు చాలా అవసరం. చేసేవారు తక్కువ.

చదువు అయ్యాక హైకోర్టులో రిట్లు చూసే సీనియర్ దగ్గరగానీ, ప్రభుత్వరంగ సంస్థల స్టాండింగ్ కౌన్సెల్ (వాటి తరఫున వాదించే న్యాయవాది) దగ్గరగానీ జూనియర్‌గా చేరండి. నన్నడిగితే రెండోదే మేలంటాను. టెండర్ కమిటీ ఫైలు ఎలా నడుస్తుందో, కోర్టుకిచ్చే జవాబు (కౌంటర్)లో ప్రభుత్వం దేన్ని దాటవేస్తుందో అక్కడే తెలుస్తుంది. మీ మామయ్య కేసు మాత్రం మీ చేతి మీదుగా నడపాలని చూడకండి. తిరస్కరణ లేఖ, టెండర్ పత్రం, ఆయన సమర్పించిన బిడ్ పట్టుకుని ఈ వారంలోనే అనుభవమున్న న్యాయవాదిని కలవమనండి. పక్కన కూర్చుని వినే అవకాశం దొరికితే వదులుకోవద్దు.